దుప్పట్ల డాబా మీది మొండిది

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం దేనికో ముందే చెప్పేస్తాను. మా ఆయన ఎప్పుడో ఒక రోజు ఇంటికొచ్చి చేతులు చాచితే, నా కూతురు ఆయన్ని ఎవరో కొత్త మనిషనుకుని బావురుమంటుందేమోనని.

జ్వరమంటే భయం లేక కాదు. పాప నుదురు నేను తాకి చూసినన్నిసార్లు ఇంకెవరూ తాకి ఉండరు. "అలా రుద్దుతుంటే వేడెక్కదూ మరి!" అని మా అమ్మ విసుక్కుంటుంది. కానీ జ్వరం నా రెండో భయం. మొదటిది ఇదే.

ఇది ప్రేమకథే. ఏడుపుతో మొదలుపెట్టానని పేజీ తిప్పేయకండి. మొదట్లో బోలెడు నవ్వులున్నాయి.

మాది దుప్పట్లు ఉతికే ఇల్లు. చుట్టుపక్కల లాడ్జీలవీ, నర్సింగ్ హోములవీ మూటలు మూటలుగా వస్తాయి. అమ్మ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని ఏడాది నేను బడి మానేశాను. "మళ్లీ వెళుదువులేవే" అంది అమ్మ. ఆ మళ్లీ, మళ్లీ రాలేదు. కింద మెషీన్లు, పైన డాబా నిండా తీగలు. తడి దుప్పటి ఆరేసి, క్లిప్పు పెట్టి, ఇటు తిరిగేలోపు దాని మీద పావురం రెట్ట వేసేది. మళ్లీ కిందకి, మళ్లీ నీళ్లలోకి. లోకంలో నాకు శత్రువులంటూ ఉంటే అవి పావురాలే.

అలాంటి నా డాబా మీద ఒక పొద్దున ఎవడో పావురాలకి గింజలు చల్లుతున్నాడు!

మెడలో కార్డు, ముఖానికి మాస్కు, చేతులకి గ్లౌజులు. పక్కన ఐస్‌క్రీములు అమ్మేవాళ్లు మోసేలాంటి పెట్టె. నేను చూస్తుండగానే, అప్పుడే ఆరేసిన తెల్ల దుప్పటి మీద టప్పుమని ఒకటి పడింది.

"అబ్బ! ఎంత చక్కగా పడిందో!" అన్నాడు.

అని, దూది చుట్టిన పొడవాటి పుల్లతో దాన్ని అద్దుకున్నాడు. పసిపిల్ల బుగ్గ మీది పాలచుక్క తుడిచినంత అపురూపంగా.

నేను బకెట్ దభీమని కింద పెట్టాను.

"ఏమండోయ్! మా దుప్పటి పాడైతే మీకంత ఆనందంగా ఉందా?"

"సారీ అండీ. కింద పెద్దావిడ పైకెళ్లమన్నారు. ఇది సాంపుల్..."

"అది సాంపుల్ కాదు, రెట్ట. మా ఇంట్లో దాన్ని అలాగే అంటారు."

"సార్లు లేనప్పుడు మా ల్యాబ్‌లోనూ అలాగే అంటామండీ."

"అయితే రెట్టలు ఏరడానికి మీకు జీతం కూడా ఇస్తారా?"

"ఇస్తారండీ. ఆలస్యంగా."

నవ్వొచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. "ఆ దుప్పటి మీరే ఉతకాలి."

మామూలు మనిషైతే జారుకునేవాడు. ఇతను గ్లౌజులు తీసి, కిందకొచ్చి, ముందు చేతులు కడుక్కున్నాడు. ఎలా కడుక్కున్నాడంటే, అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా. అమ్మ మెషీన్ ఆపేసి మరీ చూసింది. తర్వాత దుప్పటి ఉతికి, పైకి తెచ్చి ఆరేశాడు. ఆరేసీ ఆరేయగానే దాని మీద ఇంకోటి పడింది.

ఈసారి నేను ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. మాస్కు లేకుండా చూడటం అదే మొదటిసారి. నవ్వు ఒక పక్కకి పోతుంది.

మేమతనికి 'రెట్టల సారు' అని పేరు పెట్టాం. వారం వారం వచ్చేవాడు. ఒకసారి అతను పెట్టె సర్దుకుంటుంటే వాన దంచి కొట్టింది. ఇద్దరం పరుగులు పెట్టి దుప్పట్లన్నీ లాగి మెట్ల గదిలోకి చేర్చాం.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి, మీకు తెలిసే ఉంటుంది. చెరో రెండు కొసలు పట్టుకుని గట్టిగా లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. మళ్లీ వెనక్కెళ్లాలి. మళ్లీ రావాలి. నేను రోజూ అమ్మతో చేసే పనే. ఆ వానలో మాత్రం ఎందుకో ప్రతిసారీ కొసలు కలిపేటప్పుడు తల దించుకున్నాను.

"మీకు ఈ పని బాగా వచ్చండీ" అన్నాడు.

"దుప్పటి మడవడం కూడా ఒక పనేనా?"

"నాకు రావట్లేదుగా. ఇంకోటి మడుద్దామా?"

తడిసిన దుప్పట్లు మడవకూడదు, కంపు కొడతాయి. ఆ సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు. సాయంత్రం అమ్మకి గుర్తొచ్చింది.

తర్వాత మా డాబా వంతు అయిపోయింది. ఇక వేరే వీధుల్లో డాబాలు చూడాలన్నాడు. నేను రెండు వారాలు ఓర్చుకుని, అతనిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. వాళ్ల ల్యాబ్‌లో పెద్దావిడ. తర్వాత నాకు ల్యాబ్ అక్క అయింది.

"మా డాబా మీద పావురం ఒకటి నలతగా ఉందండీ" అన్నాను.

"నలతగా ఉంది పావురమా, నువ్వా?" అంది.

ఆవిడ పకపకా నవ్వి, "పంపిస్తాలే" అంది. అలా ఆ చలికాలంలో మా పావురాలకి చాలాసార్లు నలత చేసింది. అతను ఆదరాబాదరాగా వచ్చి, "ఏదండీ?" అనేవాడు. "ఇప్పుడే ఎగిరిపోయింది. మీ అడుగుల చప్పుడుకి జబ్బు కుదిరినట్టుంది" అనేదాన్ని. అతనికీ తెలుసు. అయినా వచ్చేవాడు.

అసలు గొడవ తర్వాత జరిగింది. నేను తడి మూటతో పైకెక్కుతున్నాను. అతను డాబా మీద ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అక్కా, ఈ దుప్పట్ల డాబా మీది ఉంది చూశావా, అది మహా మొండిది. ఏది వేసినా లొంగట్లేదు. చిన్నవి వేశాను, పెద్దవి వేశాను, ఆఖరికి ఆ ఖరీదైనది కూడా వేసి చూశాను. చలనం లేదు! నా జన్మలో ఇంత మొండిదాన్ని చూడలేదనుకో... ఆఁ? నచ్చిందా అంటే... నచ్చింది. చాలా."

నా ఒళ్లు మండిపోయింది. మూట అక్కడే పడేసి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"నేను మొండిదాన్నా?"

"అయ్యో, మీరా? ఎప్పుడొచ్చారు?"

"ఏమేం వేశారు మీరు నాకు? చిన్నవట, పెద్దవట! వలేగా వేసింది? ఖరీదైనదేదో కూడా వేశారట, నా కంట పడనే లేదే!"

"అది మందండీ!"

"మందా! నాకు మందు పెట్టారా?"

పాపం, అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది. "మీకు కాదండీ! పావురం కడుపులో సూక్ష్మక్రిమికి! మీ డాబా మీది సాంపుల్లో దొరికింది. గాజు పళ్లెంలో పెంచి, దాని మీద ఒక్కో మందు బిళ్ల పెట్టి చూస్తాం. మామూలు క్రిమి అయితే బిళ్ల చుట్టూ చచ్చిపోతుంది. ఇది దేనికీ చావట్లేదు. అలాంటి వాటిని మేం మొండివి అంటాం."

కాసేపు ఆలోచించాను. "పావురాలు మందులెప్పుడు మింగాయి, వాటి కడుపులోవి మొండికెయ్యడానికి?"

"అవి మింగలేదు. మనం మింగాం. రెండు పూటలు వేసుకుని తగ్గిందని మానేస్తాం. అక్కర్లేని జలుబుకీ వేసుకుంటాం. మనలోని క్రిములు ఆ మందులకి రాటుదేలిపోతాయి. మన మురుగులోకి పోతాయి. పక్షులు ఆ మురుగులో నీళ్లు తాగుతాయి, మన చెత్తకుప్ప మీద తింటాయి, వచ్చి మీ తీగ మీద కూర్చుంటాయి."

"అంటే మనదే మనకి తెచ్చిస్తున్నాయన్నమాట."

"అవునండీ. నిజాయితీ గల పక్షులు."

అదే మొదలు, నేను పావురాలని తిట్టడం తగ్గించాను. అయినా ఒక ముక్క నాకింకా గుచ్చుకుంటోంది.

"మరి నచ్చిందన్నారు, చాలా అన్నారు. క్రిమి నచ్చడమేంటి?"

అతను పెట్టె మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"అది మాత్రం... క్రిమి గురించి కాదండీ. అక్క మీ గురించి అడిగింది."

పెళ్లి చేసుకుంటామని అమ్మకి చెబితే ఇల్లు పీకి పందిరేసింది. "రెట్టలేరుకునేవాడికా పిల్లనిచ్చేది? నలుగురూ ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పనే?"

"పక్షుల డాక్టరని చెప్పు."

"పక్షుల డాక్టరా?"

"పక్షుల... వెనక డాక్టరు."

అమ్మ కోపంగా చూసి, అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వే మాకు దీవెన. తర్వాత పొరుగావిడతో అంటుంటే విన్నాను: "చేతులు అంత శుభ్రంగా కడుక్కునే మగాణ్ణి నా జన్మలో చూడలేదమ్మా. ఇక వీళ్లిద్దరి మొండితనం అంటావా, మొండివాడు రాజు కన్నా బలవంతుడన్నారు. మనమెంత?"

పెళ్లయ్యాక మా ఇంట్లోనే ఉండిపోయాడు. నన్ను 'మొండీ' అనే పిలిచేవాడు. పొద్దున తనతో పాటు నిద్ర లేపి, "మొండీ, దుప్పటి" అనేవాడు. ఇద్దరం పక్క మీది దుప్పటి మడిచేవాళ్లం. కొసలు కలిసిన దగ్గర కాసేపు ఆగేవాళ్లం. అంత మాత్రం సంతోషం చాలనుకునే మనిషిని నేను.

ఇక నవ్వులు అయిపోయాయి. ఇక్కడి నుంచి కొంచెం ఓపిగ్గా చదవండి.

మాకు మొదట బాబు పుట్టాడు. నెలలు నిండకుండానే వచ్చేశాడు. అరచేతిలో పట్టేంత మనిషి. గాజు పెట్టెలో పెట్టారు. పెట్టెకి పక్కన చెయ్యి పట్టే గుండ్రటి కంత ఉంటుంది. ఆయన మోచేతుల దాకా కడుక్కుని, అందులోంచి చూపుడువేలు పెట్టాడు. బాబు పట్టుకున్నాడు. "ఏయ్ మొండీ, నీ కొడుకు పట్టు చూడు, వదలట్లేదు!" అన్నాడు. ఒక పక్కకి పోయే ఆ నవ్వుని నేను చివరిసారి చూసింది అప్పుడే.

బాబుకి జ్వరమొచ్చింది. ఒక మందు వేశారు. మార్చారు. మళ్లీ మార్చారు. డాక్టరమ్మ ఆయనతో ఏదో మెల్లగా చెప్పింది. ఆయన గోడకి ఆనుకున్నాడు. నాకు ఇంగ్లీషు పేర్లు తెలియవు. కానీ ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. అది లొంగట్లేదు. ఏది వేసినా లొంగట్లేదు.

బాబు పోయాడు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఆయన తనని తాను పరీక్ష చేయించుకున్నాడు. ఆయన కడుపులోనూ అలాంటి మొండి రకమే ఉందని తేలింది. ఆయనకి ఏ జబ్బూ లేదు. ఊరికే ఉంది, అంతే. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. "అదే రకం అయినంత మాత్రాన మీ నుంచే వచ్చిందని కాదు. పెట్టె నుంచి కావచ్చు, గొట్టం నుంచి, మా చేతుల నుంచి, ఎక్కడి నుంచైనా కావచ్చు. ఎవరూ చెప్పలేరు." ఆయన ఆ మాటల్లో మొదటి మూడు మాత్రమే విన్నాడు. అదే రకం అయినంత.

ఆ తర్వాత ఆయన చూపుడువేలుని ఎలా కడిగేవాడంటే, చూడలేక నేనే కుళాయి కట్టేసేదాన్ని. పిల్లనిచ్చేటప్పుడు అమ్మ మురిసిపోయిన చేతులు, చర్మం పగిలి నెత్తురు కారేవి.

మళ్లీ నెల తప్పినప్పుడు ఆయన ఎంత బాగా చూసుకున్నాడని! మూటలు ముట్టనివ్వలేదు. మెట్లెక్కనివ్వలేదు. నేను కోలుకుంటున్నాడనుకున్నాను. పాప నెలలు నిండి, బొద్దుగా, గొంతు చించుకుంటూ పుట్టింది. ఆ రోజు నుంచి ఆయన పడక డాబా మీది గదిలోకి మారింది.

"ఒక్కసారి ఎత్తుకోండి" అనేదాన్ని.

"పెరగనీ మొండీ."

"చేతులు కడుక్కుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది కదండీ."

"అప్పుడూ కడుక్కున్నాను."

మెట్ల గది తలుపుకి అద్దం ఉంది. దాని అవతల నిలబడి పాపని చూసేవాడు. నేను పాప చెయ్యి పట్టుకుని అద్దానికి ఆనించేదాన్ని. ఆయన అవతలి నుంచి వేలు ఆనించేవాడు. పాపని తీసుకెళ్లాక అద్దం తుడిచేవాడు, రెండు వైపులా.

ఒక వాన రోజున పాప తుమ్మింది. మామూలు జలుబు. ముక్కు కారింది, తగ్గింది. కానీ తగ్గేసరికి ఆయన లేడు. ఊరూరా తిరిగి పక్షుల సాంపుళ్లు తెచ్చే పని ఒకటుంటే, ఎవరూ వెళ్లనంటే, తానే అడిగి వెళ్లాడు.

ఫోన్ చేస్తాడు. "పాప ఒళ్లు వెచ్చగా లేదుగా?" అంటాడు. "ఫోన్ దాని దగ్గర పెట్టు" అంటాడు. పాప నిద్రపోతుంటే ఊపిరి వింటాడు. నేను ఆయన ఊపిరి వింటాను. ఏ ఊళ్లో ఉన్నారంటే చెప్పడు. చెబితే పాపనెత్తుకుని వచ్చేస్తానని తెలుసు. వచ్చేస్తాను కూడా. మొండిదాన్ని కదా.

ఇలా కాదని ల్యాబ్ అక్క దగ్గరికెళ్లాను. "అక్కా, నాకూ పరీక్ష చెయ్యి."

"నీకెందుకే?"

"చెయ్యి అంటున్నానుగా."

రిజల్టు వచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నీలోనూ ఉందే."

బడి మానేసిన నాటి నుంచి రెట్టల దుప్పట్లు, రోగుల దుప్పట్లు ఉతికిన చేతులు నావి. ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు. "భయపడకు. ఒంట్లో బాగున్న చాలామందిలో ఉంటుంది, ఏమీ చెయ్యదు. సబ్బుతో చేతులు కడుక్కో, చాలు" అంది అక్క. నేను భయపడలేదు. ఇంటికొచ్చి పాపకి పాలిచ్చాను. పుట్టినప్పటి నుంచీ నా ఒళ్లోనే ఉంది, నా వేళ్లే చీకుతోంది. బంగారంలా ఉంది. మరి ఆయనెందుకు దూరంగా ఉండాలి? ఆ సాయంత్రం ఆయన ఫోన్ కోసం ఎంత ఎదురుచూశానో, పెళ్లికి ముందు కూడా అంత చూడలేదు.

"ఏమండీ, మొండిది నాలోనూ ఉందటండీ! అక్క చూసింది. పాపకి ఏమీ కాలేదు. ఇక వచ్చేయండి!"

అవతల గింజలు చల్లుతున్న చప్పుడు ఆగింది.

"పావురం ఒకటి నలతగా ఉందన్నట్టేనా, మొండీ?" అన్నాడు.

కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. నా మీద జాలి. తనని రప్పించడానికి అబద్ధమాడేంత దిగులు పడిపోయానని. రిపోర్టు ఫోటో తీసి పంపాను. "అక్క దగ్గర ప్రింటరుంది కదా" అన్నాడు. అక్క ఫోన్ చేసి ఒట్టేసి చెప్పింది. "అప్పట్లోనూ మీరిద్దరూ ఒకటే కదక్కా" అన్నాడు. ఎన్ని నవ్వులు నవ్వుకున్నాం ఆ అబద్ధాల మీద! అవన్నీ కట్టగట్టుకుని ఇప్పుడు నా నోరు మూయించాయి.

దుప్పట్లు ఇప్పుడు ఒక్కదాన్నే మడుస్తున్నాను. రెండు కొసలు తీగకి క్లిప్పు పెట్టి, రెండు కొసలు నేను పట్టుకుని నడిచి వెళతాను. తీగ ఎదురు రాదు.

మొన్న మీటరు చూసే ఆయన వస్తే పాప అతని వంక తేరిపార చూసి పెదవి విరిచింది. ఏడవలేదు. విరిచింది, అంతే. దానికి మనుషులు తెలుస్తున్నారు. మనవాళ్లెవరో, కానివాళ్లెవరో లెక్క మొదలైంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు నాకు చుట్టాలు కాదు, అక్కకి స్నేహితులు కాదు. మీరు చెబితే అబద్ధమనుకోడు.

మీ డాబా మీదో, మీ వీధి చివర చెత్తకుప్ప దగ్గరో, గింజలు చల్లి పక్షుల కోసం ఓపిగ్గా కూర్చున్న మనిషి కనిపిస్తే కాస్త ఆగండి. సన్నగా ఉంటాడు. పక్కన పెట్టె ఉంటుంది. కుడి చూపుడువేలు పగిలి ఉంటుంది. దగ్గరికెళ్లి పలకరించండి. తిన్నాడో లేదో అడగండి, తిన్నానంటే నమ్మకండి. ఎండలో టోపీ పెట్టుకోడు, నీడలోకి రమ్మనండి. వేలికి రాసుకోవడానికి మీ ఇంట్లో చుక్క నూనె ఉంటే ఇవ్వండి.

తర్వాత చెప్పండి. దుప్పట్ల డాబా మీది మొండిది నిజమే చెప్పిందని. ఈసారి పావురం ఎగిరిపోలేదని. పాప ఇప్పుడు ఏ వేలు అందినా పట్టుకుంటోందని, పట్టుకుంటే వదలట్లేదని.

ఆయన ఏమీ మాట్లాడకపోతే, కంగారు పడకండి. అలాగే కాసేపు పక్కన కూర్చోండి. ఒక్కణ్ణే వదిలి మాత్రం రాకండి.